కొస నుంచి

శాంటో డొమింగో, ద్వార్తె అవెన్యూ మలుపులో
నెరెయిదా కొట్టు. మూడో అర ముందు
పావుగంటగా నిలబడి ఉన్నాను.
బయట బస్సు. క్లీనర్ కుర్రాడు రెండుసార్లు హారన్ కొట్టాడు.
ఇంజన్ ఆయిలైతే కళ్ళు మూసుకుని కొంటాను,
డబ్బా ఊపితే చాలు, చిక్కదనం చెప్పేస్తాను.
ఇక్కడ సీసా సీసాకీ ఓ ఆడమనిషి నవ్వుతోంది.
ఒకటి కొబ్బరి, ఒకటి అవకాడో, ఒకటి ఆముదం,
ఒకదాని మీద ఇది లేదు, అది లేదు అని పొడుగాటి జాబితా.
లేనివాటికి ఇంత ధరేమిటో.

జేబులో ఆరు వందల యాభై పెసోలు.
ఇంట్లో యరీసా, ఎనిమిదేళ్ళది,
దువ్వెన కనిపిస్తే మంచం కిందికి దూరే పిల్ల.
వాళ్ళమ్మ టూరిస్టుల ఓడలో వంటపనికెళ్ళి నాలుగు నెలలు.
అప్పటి నుంచీ ఆ జుట్టు నా చేతుల్లో పడింది.
మొదటి ఆదివారం సన్నపళ్ళ దువ్వెనతో
నడినెత్తి నుంచి దిగాను.
మూడు పళ్ళు విరిగాయి.
నా తల ప్రాణం తోకకొచ్చింది,
దాని ఏడుపు పై వాటా దాకా వెళ్ళింది.

మా అక్క దిగ్నాకి సెలూన్ ఉంది.
"తీసుకురా, ఇస్త్రీ చేసి పంపుతా" అంది.
ఇస్త్రీ అంటే ఇస్త్రీయే. పొగ, మాడు వాసన,
వేడి పలకల మధ్య నుంచి కాగితంలా జారే జుట్టు.
యరీసా అద్దంలోకి చూసి
కొత్తవాళ్ళని పలకరించినట్టు తలూపింది.
దారిలో వాన. జుట్టు మళ్ళీ మొదటికొచ్చింది.
అక్కకి చెప్పలేదు గానీ
నాకా వానే నచ్చింది.

నెరెయిదా కౌంటర్ దాటి వచ్చింది.
"సీసా సంగతి తర్వాత. జుట్టు నీళ్ళు తాగుతుందా, తోసేస్తుందా?"
తెలీదన్నాను.
"తడిమీద లాగి వదిలితే ఎంత వెనక్కి పోతుంది?"
తెలీదు.
"రాత్రి దేనిమీద పడుకుంటుంది?"
దిండు మీద, అన్నాను. నూలు దిండు.
లైసెన్సు లేకుండా దొరికినవాణ్ణి చూసినట్టు చూసింది.

నా చేతిలోని మూడు సీసాలూ అరలోకి వెళ్ళిపోయాయి.
బాగా నురగొచ్చేదాంతో గిన్నెలు తోముకోమంది.
ఇస్త్రీ పలకల మాట ఎత్తనివ్వలేదు.
హెయిర్ డ్రయ్యర్ మూతికి తగిలించే పళ్ళ గిన్నె ఒకటి
చేత్తో బరువు చూసి,
"మీ వీధిలో కరెంటు ఎన్ని గంటలు?" అంది.
నవ్వాను. అదీ వెళ్ళిపోయింది.
చివరికి మిగిలింది వెన్నలాంటి కండిషనర్,
పన్నుకీ పన్నుకీ మధ్య వేలు పట్టే దువ్వెన,
ఊదారంగు శాటిన్ టోపీ.
"జెల్ కొనకు. అవిసె గింజలు ఉడకేసి
వేడి మీదే వడకట్టు, తెల్లసొనలా సాగాలి.
తువ్వాలొద్దు, నీ పాత బనీనుతో అద్దు. రుద్దకు.
దువ్వడం కొస నుంచి. వేలెడు, మళ్ళీ వేలెడు.
కుదురు దాకా వచ్చేసరికి
పిల్లకి నీమీద నమ్మకం కుదరాలి."

చిల్లర ఇస్తూ మాటవరసకి అడిగింది:
"మరి నీది ఎలాంటిది?"
చెయ్యి నా గుండు మీదికి పోయింది.
పద్నాలుగో ఏట, బడి ఫొటో కోసం,
చెడ్డ జుట్టని మా అమ్మ తీయించింది.
అప్పటి నుంచీ వారం వారం నేనే గీస్తున్నాను.
నలభై ఒకటొచ్చాయి.
నా తలలో ఏం మొలుస్తుందో నాకు తెలీదు.

మూడో ఆదివారం. కరెంటు లేదు.
మేడమెట్ల మీద, నా మోకాళ్ళ మధ్య యరీసా,
నీళ్ళోడుతున్న జుట్టు.
వేలెడు. మళ్ళీ వేలెడు.
ఒకచోట ఊపిరి బిగబట్టింది గానీ ఏడవలేదు.
"నాన్నా, అక్కడ మెల్లగా, మలుపుంది" అంది,
బస్సు డ్రైవరుకి చెప్పినట్టే.
ఆరేకొద్దీ ఉంగరాలు ఒక్కొక్కటే
ఎవరో పిలిచినట్టు పైకి లేచాయి.
చెవి వెనక ఒక్క పాయ మాత్రం
ఎటూ తిరక్కుండా నిటారుగా ఉండిపోయింది.
దాన్ని అలాగే ఉండనీ అంది.

గిన్నెలో మిగిలిన జిగురు తీసి
నా నెత్తికి రాసింది.
మూడు వారాలుగా కత్తి ముట్టుకోలేదు నేను.
"గరుగ్గా ఉంది."
"ఇంకా?"
తడిమింది, వంగింది, ఒక కన్ను మూసి చూసింది.
"ఇప్పుడే తెలీదు నాన్నా,
కాసిని నీళ్ళు పోసి చూద్దాం."