రోంత

శనివారం రాత్రి పార్సిళ్ళు పంచొచ్చి
ఇంజన్లో వేడి దిగకముందే
అడుగు బోల్టు విప్పినాడు మా ఆయన.
వేడి మీదైతేనే మడ్డి కూడా కదిలొస్తుందంట.
అడ్డంగా కోసిన నీళ్ళ క్యాన్లోకి
నల్లగా, ముందు తాడులా, తర్వాత దారంలా,
అర్ధరాత్రి దాటినాక బొట్టుబొట్టుగా.
నిద్రలో లెక్కపెడుతూనే ఉన్నా.
టార్గెట్ పీసులు లెక్కపెట్టే పాడలవాటు.

లగ్గెరెలో మూడో క్రాసు. మెట్ల కింద
మా బండికీ ఓనరమ్మ నీళ్ళ మోటారుకీ మధ్య
జానెడు జాగా.
"గంగాద్రీ, నెలద మేలె ఎణ్ణె బీళబారదు!"
పైనుంచే ఆమె హెచ్చరిక.
పడదులే తల్లీ.
కింద పరిచినవి మా ఫ్యాక్టరీ చొక్కాలు,
ఏ దేశపోళ్ళకో కుట్టినవి.
కాలరు వంకరైన పాపానికి
ఇంజనాయిలు తాగుతున్నాయి.

ట్యాపెట్లకి మాత్రం చల్లారాలంట.
తెల్లారి ముట్టుకుంటే ఇంజను
బోర్లించిన గిన్నె మాదిరుంది.
మూతలు తీసి, చక్రం తిప్పి,
గీతకు గీత కలిపి
సందులోకి పల్చని రేకు దూర్చినాడు.
"బిగువు" అంటాడు. "కాదు, వదులు."
మళ్ళీ బిగువు.
రోజుకు పన్నెండు గంటలు హ్యాండిల్ వణుకు తిన్న వేళ్ళు,
వాటికేం తెలుస్తుంది?

"ఇట్లియ్యి" అన్నా.

రేకు లోపలికి పంపి కళ్ళు మూసుకున్నా.
బాబిన్ కేసు పట్టుకుని దారం లాగితే
జారీ జారకుండా వస్తుందే,
అంతే.
ఎనిమిదేళ్ళుగా ఈ రెండు వేళ్ళు
దారాన్ని అడుగుతున్నది అదొక్కటే.

పుస్తకంలో అంకె రాసుందంట,
సున్నా, చుక్క, మళ్ళీ సున్నా, ఆపైన ఐదు.
మా మడకశిర పక్క దాన్ని రోంత అంటాం.
రోంత తగ్గితే లోపల కాలుతుంది,
రోంత ఎక్కువైతే వీధంతా వినబడుతుంది.

నట్టు బిగించబోతే స్క్రూ కదిలింది.
మళ్ళీ మొదటికొచ్చినాం.
మూడుసార్లు.
నట్టు ఆయన చేతిలో, స్క్రూ నా చేతిలో,
తలకు తల తగులుతూ.
నిద్ర లేస్తూనే చీటీ డబ్బుల మీద మొదలైన మాట
సగంలో యాడో పడిపోయింది,
వెతికేదానికి ఎవరి చేతులూ ఖాళీ లేవు.

కొత్త నూనె పోస్తే తేనె రంగు.
రెండో కిక్కుకే అందుకుంది.
తల వంచి, చెవి దగ్గరపెట్టి,
"టకటక పోయిందా?" అని నన్నడిగినాడు.
హారన్లు తినేసిన చెవులు.
నూటాభై మిషన్ల మధ్య
నా మిషన్ దగ్గు పోల్చుకునేదాన్ని కదా,
రోంతసేపు విని
"పోయింది" అన్నా.
నవ్వినాడు, మెకానిక్కు మూడొందలు మిగిలినట్టు.

పాత నూనె పారబోయబోతుంటే
ఓనరమ్మ గేటు కీచుమంది.
గుడ్డపేలిక ముంచి
రెండు కీళ్ళకీ రాసినా,
ఆమె అడక్కుండానే.