థోల్

రొట్టెల కొట్టులో ఇస్బెల్ పర్వెస్ చిల్లర లెక్కపెడుతూ
వాన సంగతి అడిగితే ఆ మాట అంది మొదటిసారి:
థోలబుల్.
బాగుందని కాదు, బాగోలేదనీ కాదు.
గొడుగు తిరగబడదు, మనిషీ తిరగబడడు, అంతే.

నా చెవికి అది తోలులా వినబడింది.
హెర్రింగు చేపలు కోసీ కోసీ
ఉప్పు తినేసిన వాళ్ళమ్మ వేళ్ళ తోలు.

బెరిక్‌కి ఉత్తరాన పదకొండు పడవల రేవు.
లండన్ నోట్లోంచి ఎప్పుడో రాలిపోయి
వీళ్ళ పళ్ళ సందున ఇరుక్కున్న మాట.
ఓర్చుకోవడమట.
పంటినొప్పినీ, అత్తగారినీ, ఆదివారం ప్రసంగాన్నీ
థోల్ చెయ్యాలి.
"చేస్తే ఏమొస్తుంది?" అన్నాను.
"సోమవారం వస్తుంది" అంది.

తమ్ముడు డాండీ పేరెత్తేసరికి మాత్రం
కొట్టులో రొట్టెలు కోసే మిషను ఒక్కటే మాట్లాడింది.
పదేళ్ళ కిందట, పొగమంచులో, చుక్కాని అతని చేతిలో ఉండగా
వెళ్ళింది ముగ్గురు, తిరిగొచ్చింది అతనొక్కడు.
కోర్టు వినీ వినీ "రుజువు కాలేదు" అంది.
అక్కడి చట్టంలోనూ ఉంది ఆ మాట:
తన విచారణను థోల్ చేసినవాణ్ణి
అదే నేరానికి మళ్ళీ బోనెక్కించకూడదు.

చట్టానికి కూడదు.
రేవుకి కూడదని ఎవరు చెప్పారు?
వలలు బాగుచేసే ముసలాళ్ళు పొద్దున్నే ఆరింటికి కొలువుదీరతారు.
అతను దాటేదాకా సూదులు ఆగుతాయి.
తీర్పు చెప్పరు.
వాయిదా వేస్తారు.

సాయంత్రం డాండీని చూశాను.
చిన్న పడవ అంచులో పాత మేకు ఊడబీకి
కొత్తది చెక్కుతున్నాడు.
బొటనవేలంత లావు, జానెడు పొడుగు.
తెడ్డు దానికి ఆనుకునే నీటిని తోస్తుంది.
తోసిన బరువంతా అదే మోస్తుంది.
దీన్నేమంటారు అన్నాను.
తలెత్తకుండా చెప్పాడు: థోల్.

అదీ ఇదీ ఒకటేనా?
"కాదు. వేళ్ళు వేరని మా మాస్టారు అనేవాడు.
వినడానికే ఒకటి."
కత్తి ఆపి, మేకుని వేలితో నిమిరాడు.
"మెత్తటి కర్రతోనే చెయ్యాలి.
మరీ గట్టిదైతే పడవ అంచు చీలిపోతుంది.
ముందు ఇదే విరగాలి."

మా భాషలో తాళుకోవడం అంటారని చెప్పబోయాను.
అతను అప్పటికే తెడ్డునీ మేకునీ కలిపి తాడు చుడుతున్నాడు.
ఒక తాడే.
ఎన్నయితే తాళ్ళవుతాయో లెక్కపెడుతూ ఊరుకున్నాను.

మర్నాడు ఆరింటికి బయల్దేరాడు.
తెడ్డు వేసేవాడు ముందుకి పోతూ వెనక్కే చూస్తాడు.
అందుకని వాళ్ళ మొహాలు చూస్తూనే పోయాడు.
కొత్త మేకు కిర్రుమంది.
సూదులు ఆగాయి.
పడవ ఇంకా రేవు గోడ దాటనే లేదు,
చివర కూర్చున్న వాడి సూది
ఒకటి కదిలింది.