పంపు మోత

నూట ఇరవై క్యాసెట్లు చేశారు.
అందులో నలభై నా కౌంటర్ మీద గుమ్మరించి
"అమ్ముడైతే సగం నీది, లేకపోతే పొయ్యిలో పెట్టు"
అన్నాడు ఒర్లాండిస్.
మిల్వాకీలో ఆ జనవరికి
అదేం చెడ్డ సలహా కాదు.

అట్ట మీద బొమ్మ లేదు. 'సెల్లార్ తడి' అని
ఒక్కోదాని మీద ఒక్కో రకం వంకర అక్షరాలు.

నేను రికార్డులు అమ్ముతాను. అభిప్రాయాలు ఊరికే వస్తాయి.
రసీదుల వెనక రాసిపెట్టుకోవడం నా జబ్బు.

ముందు చూ ఫెంగ్. పదిహేడేళ్ళు.
చెవుల్లోంచి హెడ్‌ఫోన్ తీయకుండానే అరిచాడు:
"రెండో పాటలో ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో దొరకట్లేదు
పదకొండుసార్లు వెనక్కి తిప్పాను
బ్యాటరీలు చచ్చాయి. నీ దగ్గరున్నాయా?"
అంతకన్నా మంచి సమీక్ష నేనింతవరకూ చదవలేదు.

కోర్ట్‌లాండ్‌కి నచ్చలేదు.
తొంభై నాలుగు తర్వాత వచ్చినదేదీ కోర్ట్‌లాండ్‌కి నచ్చలేదు,
తన పెళ్ళితో సహా.
"డ్రమ్ము బురదలో కూరుకుపోయింది
మాట గోడకవతల నుంచి వస్తోంది
ఆ వెనక మోతేమిటి, చేతకానితనం కాకపోతే?"
వారం తిరక్కుండా ఇంకో కాపీకి వచ్చాడు.
మొదటిది కారు నమిలేసిందట.

చర్చిలో కోరస్ నడిపే ఎర్లీన్ గారు
మనవడి జేబులో దొరికిన సాక్ష్యంతో వచ్చారు.
"బూతులు ముప్పై ఆరు. లెక్కపెట్టాను."
నేను తల వంచుకున్నాను.
గ్లవుజులు తొడుక్కుంటూ, తలుపు దగ్గర ఆగి,
"ఐదో పాటలో వాళ్ళమ్మ డయాలసిస్‌కి బస్సు మారే చోట
ఆ పిల్లాడి గొంతు ఒక్క మెట్టు దిగుతుంది.
దిగండర్రా అని ఇరవై ఏళ్ళుగా
మా వాళ్ళకి మొత్తుకుంటున్నాను."

ఆ బస్సు డ్రైవరు ద్రాగోల్యూబ్ కూడా వచ్చాడు, కోపంగా:
"ఆపలేదంటాడేం? ఆపాను. మంచుకి జారి ముందుకెళ్ళింది.
ఆవిడే నడిచొచ్చి ఎక్కింది.
పాటలో దిద్దమని చెప్పండి."

ఇక థేడియస్ పెట్‌వే.
బాయిలర్లు బాగుచేస్తాడు. రాప్ వినడు.
నా షాపు హీటర్ ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు
స్పీకర్లో మూడో పాట.
స్పానర్ ఆగింది.
"ఎక్కడ రికార్డు చేశారిది?"
ఏదో అపార్ట్‌మెంట్ కింద, బాయిలర్ గదిలో.
అద్దె లేదు, వెచ్చగా ఉంటుందని.
"మళ్ళీ వెయ్యి."

వేశాను.
నెల రోజులుగా అందరం కొట్టుకుంటున్న ఆ మోత,
చూ ఫెంగ్ ఏదో పాత జాజ్ ముక్క అన్నది,
నేను, నిజం చెప్పాలంటే,
'దుఃఖం' అని రసీదు వెనక రాసుకున్నది,
థేడియస్ కళ్ళు మూసుకుని విని
"పంపు బేరింగు" అన్నాడు.
"ఇంకో మూడు వారాలు. ఆ తర్వాత
పై అంతస్తుల్లో ముసలివాళ్ళు బిగుసుకుపోతారు.
అడ్రసియ్యి."

ఇంటాయన ఫోనెత్తలేదు.
ఒర్లాండిస్ టార్చి పట్టుకున్నాడు
థేడియస్ తన వ్యానులోని పాత బేరింగే వేశాడు.
కూలి కింద ఒక్క క్యాసెట్ పుచ్చుకున్నాడు,
వినడానికి కాదు,
మళ్ళీ చెడితే పోల్చి చూసుకోవడానికి.

అక్టోబరులో రెండోది వచ్చింది.
అట్ట మీద రంగుల బొమ్మ. మాటలన్నీ కడిగినట్టు.
చూ ఫెంగ్ రెండుసార్లు విని తిరిగిచ్చేశాడు.
ఎర్లీన్ గారు బూతులు లెక్కపెట్టడం మధ్యలో మానేశారట.
"మొదటిదీ ఆల్బమంటే!" అన్నాడు కోర్ట్‌లాండ్,
నా మొహంలోకి సూటిగా చూస్తూ.
బస్సు సంగతి ఎవరూ దిద్దలేదు.

చలి మొదలయ్యాక హీటర్ చూడ్డానికి వచ్చిన థేడియస్‌కి వినిపించాను.
పనిముట్లు పక్కన పెట్టి
రెండు వైపులా, చివరిదాకా విన్నాడు.

"బాగుంది," అన్నాడు.
"ఏమీ వినపడట్లేదు."