పట్టీ లేని కిటికీ

గుంటూరు మిర్చి యార్డు ఎదురు సందులో
రాత్రి తొమ్మిదిన్నరకి
కమీషన్ కొట్లో నేనూ, ఒక ముసలి లాప్‌టాపూ.
ఫ్యాను వేస్తే ఘాటు లేస్తుంది, ఆపితే ఉక్క.
ఆపేశాను.

అరుగు మీద నాగుల్ మీరా, క్రోసూరాయన,
ముప్ఫై ఎనిమిది టిక్కీల తేజ అమ్మి
పట్టీ కోసం కూర్చున్నాడు.
తుమ్మినప్పుడల్లా "అయిందా అమ్మా" అంటాడు.
అవలేదు.

రెండు జీబీల ఈ యంత్రానికి
హంగులు మోసే ఓపిక లేదని
యార్డు సెలవుల్లో అన్నీ పీకేశాను, నేనే.
వెనకాల బొమ్మ లేదు,
మూయడానికి మూలన ఇంటూ గుర్తు లేదు,
కిటికీ నెత్తిన పేరు రాసే పట్టీ లేదు.
ఒకటి తెరిస్తే తెరంతా దానిదే,
రెండోది వస్తే సగం సగం,
మూడోది వస్తే
గట్టు వెయ్యకుండా పంచుకున్న అన్నదమ్ముల చెక్క.
మౌసు సొరుగులో పడేశాను.
ఎంత హాయి! రెండు వేళ్ల మీద నడిచింది కొట్టంతా.

కాటా లెక్కల జావా ప్రోగ్రాము మాత్రం
సెలవులయ్యాక ఇవాళే తెరిచాను.
తాలుకాయ రంగులో ఒక చదరం.
అంతే. అక్షరం లేదు, గడి లేదు.
గుర్తున్న చోట గుడ్డిగా నొక్కితే
మెనూ ఎక్కడో అవతలి మూలన
భుజం జారిన గోతంలా పడింది.

మూసి తెరిచాను.
ఫాంట్లు మార్చాను.
పంపకంలోంచి విడదీసి విడిగా తేలనిచ్చాను,
బూడిదరంగే తేలింది.
టెర్మినల్లోంచి నడిపి చూస్తే
ఒక్క తప్పూ చెప్పదు.
దెబ్బ తగిలి ఏడ్చే పిల్లతో కాదు,
ఏడవని పిల్లతోనే భయం.

హమాలీ ఏసోబు తొంగి చూశాడు.
"కాయకైతే నీళ్లు చల్లితే రంగొచ్చేదమ్మా"
అని నవ్వి బీడీ వెతుక్కుంటూ పోయాడు.

మాన్యువల్ పేజీ అట్టడుగున,
ఎవరూ చదవని చోట, రెండు మూడు వరుసలు.
చదివి కుర్చీలో వెనక్కి వాలాను.

జావా కిటికీ పుట్టగానే
ఎవరో తనని ఒక చట్రంలోకి ఎత్తుకుంటారని,
నెత్తిన పట్టీ కట్టి, చుట్టూ అంచు వేసి
ఇదుగో నీ చోటు అని చూపిస్తారని
ఎదురు చూస్తుందట.
అందాకా ఒక్క గీతా గీయదట.
ఇక్కడ ఎత్తుకునేవాళ్లు లేరు.
చెప్పాగా, నేనే తీసేశాను.

దారులు రెండు.
పేరు మార్చి చెప్పడం ఒకటి:
నీకు తెలిసిన ఆ పెద్ద మేనేజరే ఇది, అని.
నమ్ముతుంది పాపం, గీస్తుంది.
రెండోది, మొదటి ఫైల్లో ఒక్క వరుస నిజం:
ఎవరూ ఎత్తుకోరు, నీ అంతట నువ్వే గీసుకో.

చెయ్యి అబద్ధం వైపే పోయింది ముందు.
మా కొట్టు బోర్డు మీద "అండ్ సన్స్" అని ఉంటుంది.
నాన్న రాయించాడు, పెళ్లికి ముందే.
సన్సెవరూ పుట్టలేదు.
రైతులు మాత్రం నమ్మి సరుకు దించుతూనే ఉన్నారు
నలభై ఏళ్లుగా.
నేనున్నాను.

వెనక్కి కొట్టేసి
రెండోదే రాశాను.
అడుగుగీతతో మొదలై
సమానం ఒకటితో ఆగే వరుస.
లాగౌటయ్యి మళ్లీ వచ్చాను.

గడులు. గడుల్లో పేర్లు.
నాగుల్ మీరా, పదహారు క్వింటాళ్ల ముప్ఫై నాలుగు కిలోలు.
ప్రింటరు పళ్లు కొరుకుతూ పట్టీ కక్కింది.

ఆయన దాన్ని ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుని
వేలితో వరుస వరుసా దిగి
"సంచి తరుగు ఎక్కువ పట్టావు" అన్నాడు.
చూశాను. నిజమే, పట్టాను.
సరిచేద్దామని మెనూ తెరిస్తే
ఇంకా కాస్త పక్కకే పడుతోంది.
సొరుగులోంచి మౌసు తీశాను.

ఆయన మళ్లీ తుమ్మాడు.