తొంభై రెండో రోజు

మస్తానమ్మ గ్రేడింగు షెడ్డుకి తిరిగొచ్చింది.
మూతికి పాత చీరపేలిక కట్టుకుని
గోతం పరుచుకుని
నా పక్కన, ఎప్పటి చోటనే, కూలబడింది.
తగ్గిందా అని ఎవరూ అడగలేదు.
అయిపోయినాయా రోజులు, అన్నాం.

ఒంగోలు డిస్పెన్సరీలో కిటికీ వెనక పిల్లోడు
మంచోడే, కసురుకోడు.
"ఏడాదికి తొంభై ఒక్క రోజులమ్మా.
కూలిలో నూటికి డెబ్బై. అయిపోయినాయి.
పెద్ద జబ్బుల పట్టీ ఒకటుంది,
అందులో ఉంటే రెండేళ్ల దాకా వస్తది.
నీ దగ్గుకి డాక్టరుగారింకా పేరు రాయలేదు."

పేరు లేని దగ్గు.
ఇరవై రెండేళ్లు టంగుటూరు పొగాకు దుమ్ము తిని
దాని బిడ్డలకన్నా పెద్దదైంది,
ఇంకా బారసాల కాలేదు.

యూనియన్ ఆఫీసులో సుగుణరావు ఒక పుస్తకం తీశాడు.
ఎప్పుడో మా అమ్మ చిన్నప్పుడు
జెనీవాలో దేశాలన్నీ కూర్చుని రాసుకున్నాయంట:
కూలిమనిషి జబ్బుపడితే
తక్కువలో తక్కువ ఇరవై ఆరు వారాలు.
తర్వాత ఇంకో కాగితం. అందులో యాభై రెండు.
మొదటి మూడు రోజులు ఇవ్వకపోయినా తప్పులేదంట,
తను నిజం జబ్బో కాదో
అది తేల్చుకోవద్దూ మరి.
"మనోళ్లు సంతకం పెట్టారా అన్నా?"
సుగుణరావు పుస్తకం మూసి
మూడు టీలు చెప్పాడు.

ఇరవై ఆరు వారాలు.
జిగురు వేళ్ల మీద లెక్కేశా.
సరిగ్గా రెండు తొంభై ఒకట్లు.
ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.
అంటే ఆ కాగితంలో మనిషి పడే జబ్బులో
మేం సగం పడాలన్నమాట.

ఆకునైతే ఎవరూ తొందరపెట్టరు.
బ్యారన్‌లో ఉడకాలి, కుప్పలో మగ్గాలి,
బేలు కట్టాక గోడౌన్‌లో
ఏడాది, ఏడాదిన్నర
నీడన పడుకోబెడతారు.
మేనేజరు అర్ధరాత్రి లేచొచ్చి
దాని చెమ్మ చూసి పోతాడు.
లే, నీ రోజులైపోయినాయి అని
ఒక్క బేలునైనా అన్నట్టు
నేనెరగను.

మధ్యాహ్నం బువ్వ బెల్లుకి ముందు
మస్తానమ్మకి దగ్గు తెర వచ్చింది.
చేతిలో మంచి పసుపు ఆకు, బ్రైట్ రకం,
నడిమికి చిట్లింది.
చిట్లింది బిట్స్ గంపలోకి పోవాలి.
అది దానికి తెలుసు,
నాకు నేర్పిందే అది.

అయినా
కాసేపు ఒళ్లో పెట్టుకుంది.