ఏ చెట్టు కాసింది

క్రీటు దీవి. నవంబరు. ఆలివు చెట్ల కింద
చేపల్ని ఎరగని వలలు పరిచారు.
అర్గిరో కర్రతో కొమ్మలు దులుపుతోంది,
కాయలు నా వీపు మీదా రాలుతున్నాయి.

మేనకోడలు కల్లియోపి ట్యాంకరు ఓడలో ఇంజనీరు.
ఫోనులో ఫొటో చూపించి
"ఓడ పక్కన రాసింది చూడత్తా: ఆయిల్.
అది మన చెట్టు పేరే.
మన పాతవాళ్లు ఎలేయా అన్నది
రోము నోట్లో నలిగి, ఫ్రెంచి నాలుక మీద జారి
ఇంగ్లీషు రేవులో ఇలా తేలింది" అంది.

అత్త ఫోను దూరంగా పట్టుకుని చూసింది.
"ఇంత ఓడ నిండానా! ఏ చెట్టు కాసింది?"
"చెట్టు లేదు. నేల కింది నల్లటి జిడ్డు."
"మరి మన పేరెందుకు?"

కల్లియోపి దగ్గర జవాబు లేదు.
ఆకులు ఏరి పారేస్తూ నేను నా మాటను విప్పుకున్నాను:
నువ్వు, నెయ్యి. నూనె.
చిన్నప్పుడు కిరసనూనె డబ్బా పట్టుకుని
క్యూలో నిలబడ్డ గంటల్లో
ఒక్క నువ్వుగింజ గుర్తు రాలేదు.

రాత్రి గానుగ గొట్టం నుంచి పచ్చటి ధార.
అర్గిరో రొట్టె ముంచి ఇచ్చింది.
గొంతులో మిరియంలా గుచ్చుకుంది, దగ్గాను.
"ఆ, అదీ దాని పేరు" అంది,
చేతుల జిడ్డు జుట్టుకి రాసుకుంటూ.