తిరిగొచ్చే చీటీ

నారాయణగూడ మెట్రో స్తంభం నీడల మా ఆఫీసు.
పైన రైలు పోయినప్పుడల్లా
గోడకు అంటిచ్చిన ఓడ
జరంత కదులుతది.
ఇరవై ఏండ్లాయె
ఈ కుర్చీల కూసోని నేను ఊళ్లు అమ్మవట్టి.

ఆగా గులాంరెజా వచ్చిండు,
సంకల ఉస్మానియా బిస్కెట్ల డబ్బా.
వెనుక నర్గీస్ బేగం.
ఆమె చేతి చెమటకు
బ్రోచరు మీది సముద్రం వేలికి అంటుకుంది.

"చెన్నైల ఎక్కుడు, లంకల రెండు రేవులు,
మళ్ల చెన్నైల దిగుడు. ఐదు రాత్రులు.
పెండ్లినాడు మాటిచ్చిన బిడ్డా,
నలభై ఏండ్ల సంది ఈమె వడ్డీ లెక్కగడుతుంది."

ఆమెది అల్కటి పని.
ముదురు నీలం పాస్‌పోర్టు, డబీర్‌పురల పుట్టుక,
నా చాయ్ సల్లారకముందే అయిపోయింది.

ఆయన డబ్బా మూత తీసిండు.
బిస్కెట్లు లేవు, వాసనుంది.
ఎర్రటి ఇరాన్ పాస్‌పోర్టు.
యజ్ద్‌ల పుట్టినట్టు రాసుంది.
మూడేండ్లప్పుడు
నాయిన మెడల మీద నిద్రపోతూ ఈ ఊర్ల దిగినట్టు
ఎక్కడా రాసిలేదు.
దాని కింద నివాస పర్మిట్లు,
తెగిన రబ్బరు బ్యాండును ముడేసి కట్టినవి.
ఒక్కోదాని మీద ఒక్కో ఆగా:
మీసం మొలవనోడు,
మీసం మెలేసినోడు,
గల్లాపెట్టె మీద మోచేయి ఆనిచ్చి ఆనిచ్చి
ఒక భుజం కుంగినోడు.
కరెంటు బిల్లు. హోటల్ లైసెన్సు.
ఖాతా కప్పుల లెక్కరాసిన చీటొకటి
నడుమల ఇరుక్కొని వచ్చింది.
"గిది పనికొస్తదా?" అన్నడు, నిజంగనే.

నేను చెప్పవట్టిన.
లంకకు వీసా గావాలె.
పాస్‌పోర్టుకు ఇంకా ఆరునెల్ల ఆయుష్షుండాలె.
అన్నిటికన్న ముందు,
దేశం దాటకముందే
తిరిగొచ్చే పర్మిషను.

"వచ్చేటందుకా?"
"వచ్చేటందుకే."
"పోయేటందుకు?"
"దానికి టికెట్ చాలు, ఆగాసాబ్."

రైలు పోయింది. ఓడ కదిలింది.

"మీరాలం మండీకి పోయి కొత్తిమీర తేవాల్నన్నా
నన్నడిగే పోతడు" అన్నది నర్గీస్ బేగం.
"ఇంకొకల్లను గూడ అడిగితే ఏం తరిగిపోతడు?"
నవ్వినం. ఆయన నవ్వలే.
"రేవుల దిగకుండ, ఓడల్నే కూసుంటే?"
"కూసున్నా దాటినట్టే లెక్క."
బల్ల అద్దం మీద కప్పు అంచు గీసిన గుండ్రటి మరకను
వేలితో తుడవవట్టిండు.
సగం తుడిచి ఆగిండు.

నా సొరుగుల నా పాస్‌పోర్టున్నది.
ముప్పై ఆరు పేజీలు, ఒక్క ముద్ర లేదు.
నేను తిరిగొస్తనంటే ఎవ్వలూ చీటీ అడుగరు.
గందుకేనేమో,
పోనే పోలే.

ఫారం నింపుతున్నం.
ఆయన చెప్తుండు, నేను రాస్తున్న.
"తిరిగి వచ్చుటకు కారణము" అని ఒక గడి.
ఆగా చానాసేపు కిటికీ బయటికి చూసిండు.
రోడ్డవతల ఎవడో షట్టరు ఎత్తుతున్నడు.
"పొద్దుగాల నాలుగింటికి
పాలు వస్తయి అని రాయి" అన్నడు.

నేను "నివాసం" అని రాసిన.
గడి చిన్నది.

రెండు వారాలకు ఫారం వాపసొచ్చింది.
ఫోటోల చెవులు కనవడుతలేవంట.
టోపీ తీసి మళ్ల దిగిండు.
ఆ ఫోటోల ఆయనను
నేనే గుర్తుపట్టలే.

ఓడ తారీకు దగ్గరికొస్తుంది.
పర్మిషను ఇంకా రాలే.
దినాం పొద్దున ఆఫీసు తెరవంగనే ఫోను మోగుతది.
ఓడ ముచ్చట అడుగడు.
"పాలు వచ్చినయి బిడ్డా," అంటడు,
పెట్టేస్తడు.